ప్యూజో 205 జీటీఐ: మెరిసే 1.9 కొనాలా, వెలిసిపోయిన 1.6 కొనాలా?

కొవ్వూరు_కుర్రాడు (తులూజ్, ఫ్రాన్స్)

అందరికీ నమస్కారం. తులూజ్‌లో ఉంటాను, విమాన క్యాబిన్ల డిజైన్ పని. ఆఫీసుకి పోయి రావడానికి ఒక హైబ్రిడ్ కారుంది. దానికి ఏ రోగమూ లేదు, ఏ సరదా కూడా లేదు. ప్యూజో 205 అనే చిన్న ఫ్రెంచి కారులో స్పీడు రకమైన జీటీఐ, పాతది ఒకటి కొనుక్కుని, సెలవు రోజుల్లో నడుపుకుంటూ, పదికాలాల పాటు ఉంచుకోవాలని కోరిక. ఇక్కడ 205 ఎరగనివాళ్లు లేరు. మా బాస్ డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే, క్యాంటీన్‌లో వడ్డించే ఆవిడ మొదటి కారు కూడా 205 డీజిలే. 1983 నుంచి 1998 దాకా యాభై లక్షలకు పైగా చేశారు మరి. జీటీఐలు మాత్రం కుర్రాళ్లు గుద్దేసినవి, దొంగలు ఎత్తుకుపోయినవి పోగా మంచివి తక్కువే మిగిలాయి.

రెండు బండ్లు చూసిపెట్టుకున్నాను.

మొదటిది 1.9 లీటర్ల ఇంజన్‌ది. 1987 నవంబర్ రిజిస్ట్రేషన్, ఎరుపు, 1,68,000 కిలోమీటర్లు. మోంతోబాన్ దగ్గర ఒక పల్లెలో ఉంది. "పూర్తిగా రీస్టోర్ చేశాం" అని ప్రకటన. కొత్త పెయింట్, సగం తోలు సీట్లు. ఫొటోల్లో ధగధగలాడుతోంది. 18,500 యూరోలు.

రెండోది 1.6 లీటర్లది. 1986 అక్టోబర్, అంటే 115 హార్స్‌పవర్ రకం. ముదురు బూడిద రంగు, 2,14,000 కిలోమీటర్లు, ఆల్బీలో ఉంది. కొన్నప్పటినుంచీ ఒకే కుటుంబం దగ్గర. బానెట్ మీదా టాప్ మీదా పెయింట్ పోయి, చింతపండు మొహం చూడని ఇత్తడి చెంబులా ఉంది. డ్రైవర్ సీటు పక్కన చిరిగింది. 12,000 అడుగుతున్నారు.

మనసేమో ఎర్రదాని మీదే ఉంది. మా ఆవిడ మాత్రం "నడపడానికి కొంటున్నావా, దాచడానికా? ముందు అది తేల్చుకో" అంటోంది. నాకు పానా పట్టుకోవడం వచ్చు గానీ టింకరింగ్ రాదు. ఏం చూడాలి, ఎక్కడ మోసపోతాం, కాగితాల సంగతేంటి? ఎప్పటికైనా ఇండియాకి వచ్చేస్తే బండి కూడా తెచ్చుకోవచ్చా?

---

యానాంపిల్ల (స్ట్రాస్‌బర్గ్ దగ్గర)

కొవ్వూరు వారికి నమస్తే. మాది యానాం. మా తాతగారు ఫ్రెంచి జాతీయత ఎంచుకున్నారు కాబట్టి చిన్నప్పుడే ఇటు వచ్చేశాం. నాన్న కొన్నేళ్లు ములూజ్ ఫ్యాక్టరీలో పెయింట్ షాపులో చేశారు, 205లు అక్కడ వరసపెట్టి బయటికొస్తున్న రోజుల్లో. అందుకని ఈ బండి విషయంలో నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. నా దగ్గరున్నది 1985 నాటి 1.6, 105 హార్స్‌పవర్‌ది.

మీ ఎర్ర బండి గురించి. కొత్త పెయింట్ అనగానే మీకు ఆనందమేసింది, నాకు అనుమానమేసింది. పెయింట్ వేయకముందు ఫొటోలు అడగండి. రేకు తీసేసి కొత్తది వెల్డింగ్ చేసిన ఫొటోలు, బిల్లులు ఉంటే సరే. "అవన్నీ ఎక్కడో ఉన్నాయండీ" అంటే మాత్రం పుట్టీ పెట్టి రంగు కొట్టారనుకోవాల్సిందే. పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ దొరుకుతుంది, అది కొనుక్కుని వెళ్లండి. టాప్ మీద ఒకలా, వెనక చక్రం పైన దానికి మూడు రెట్లు చూపిస్తే ఇక మాట్లాడేదేముంది.

తుప్పు ఎక్కడ చూడాలంటే: బ్యాటరీ కింది ట్రే (యాసిడ్ కారి తినేస్తుంది), సన్‌రూఫ్ ఉంటే దాని చుట్టూ, డిక్కీ తలుపు కింది అంచు, జాకీ పెట్టే చోట్లు. జీటీఐలకి చక్రాల మీద నల్ల ప్లాస్టిక్ అంచులుంటాయి కదా, వాటి వెనక మట్టి చేరి తడి ఆరదు. పైకి ఏమీ కనపడదు. వేలు దూర్చి తడిమి చూడండి, పొరలు పొరలుగా ఊడితే లోపల అయిపోయినట్టే. డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూడనివ్వకపోతే అక్కడినుంచి వచ్చేయండి.

తర్వాత వెనక యాక్సిల్. 205 కొనేవాళ్లంతా మొదట ఒంగి చూసేది దీన్నే. వెనక చక్రాలను పట్టుకునే చేతులు ఒక అడ్డ గొట్టానికి సూది బేరింగుల మీద తిరుగుతాయి. సీళ్లు పోయి నీళ్లు దూరితే బేరింగులు ఎండి ముక్కలై షాఫ్ట్‌ని కొరికేస్తాయి. అప్పుడు చక్రాలు పైభాగం లోపలికి వాలతాయి. పది అడుగుల దూరంలో బండి వెనకాల నిలబడితే కంటికే తెలుస్తుంది. టైర్ల లోపలి అంచు ఎక్కువ అరిగి ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే పాత తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు. బాగు చేసిన యాక్సిల్ మార్చి ఇచ్చేవాళ్లున్నారు, బిగింపుతో కలిపి వెయ్యి యూరోల పైమాట. ఇది ఉందని బండి వదులుకోకండి, ధరలో తగ్గించమనండి. అసలు ఈ వయసులో ఎప్పుడూ మార్చని యాక్సిల్ బాగుందంటే నేను నమ్మను.

ఇంజన్ సంగతి తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే దాన్ని ఎప్పుడైనా బాగు చేయించుకోవచ్చు. రెండింటికీ అల్యూమినియం బ్లాకే, లోపల నీళ్లలో కూర్చునే లైనర్లు. ఒకసారి బాగా వేడెక్కితే గ్యాస్కెట్, లైనర్ సీళ్లు పోతాయి. ఆయిల్ మూత తిప్పి చూడండి, లోపల మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయని. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, వచ్చేముందే వేడి చేసి పెట్టవద్దని ఫోన్‌లోనే చెప్పండి. తర్వాత వేడెక్కాక ఆపి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. 1.9లు కొన్ని అక్కడే మొరాయిస్తాయి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. తెగితే వాల్వులు వంకర.

ఇక పదికాలాల పాటు ఉంచుకోవడానికి కొంటున్నానన్నారు కాబట్టి అసలు విషయం. ఇంజన్ భాగాలు దొరుకుతాయి, బ్రేకులు దొరుకుతాయి, యాక్సిల్ దొరుకుతుంది. ప్యూజో వారసత్వ సంస్థ లావంతూర్ ప్యూజో కొన్ని భాగాలు మళ్లీ చేయించి అమ్ముతోంది కూడా. దొరకనివి చిల్లర వస్తువులు: పగలని డాష్‌బోర్డు, ఆ ఏడాదికే చెందిన సీటు బట్ట, వంపు పోని ఎర్ర కార్పెట్, వెనక కిటికీ పక్కన 1.6 అనో 1.9 అనో రాసుండే ప్లాస్టిక్ ముక్క, విరగని క్లిప్పులు. ఇవన్నీ బండిలో ఉన్నాయా లేవా అన్నదే ధర. రీస్టోర్ పేరుతో ఇవన్నీ పీకి, వేరే ఏడాది బండివి తగిలిస్తారు. అందుకే వెలిసిపోయినా సరే, అన్నీ తన ఒంటి మీదే ఉన్న బండి నాకు ముద్దు.

రెండు చిట్కాలు. ఒకటి, అద్దాల మీద మూలల్లో తయారీ ఏడాది గుర్తులుంటాయి. అన్నీ ఒకే కాలానివైతే బండి పెద్ద గుద్దుడు తినలేదని కొంత ధైర్యం. రెండు, రివర్స్ గేర్ ఎక్కడుందో చూడండి. ఆ కాలపు బీఈ1 గేర్‌బాక్స్‌లో రివర్స్ ఎడమ చివర, మొదటి గేరు పక్కన పైకి ఉంటుంది, నాబ్ కింద రింగు ఎత్తి వేయాలి. తర్వాత వచ్చిన బీఈ3లో అది కుడివైపు ఐదో గేరు కిందికి వెళ్లింది. 1986, 87 బండిలో రివర్స్ ఐదో గేరు కింద ఉందంటే గేర్‌బాక్స్ మార్చారు. నడపడానికి ఏ ఇబ్బందీ లేదు, నిజానికి గేర్లు ఇంకా బాగా పడతాయి. కానీ అమ్మేవాడు ఆ మాట తనంతట తాను చెప్పాడా లేదా అన్నది నాకు ముఖ్యం. మామూలు 205కి జీటీఐ వేషం వేసినవి కూడా తిరుగుతున్నాయి, కాబట్టి ప్లేటు మీది నంబరు, బాడీ మీద కొట్టిన నంబరు, కార్త్ గ్రీజ్ (రిజిస్ట్రేషన్ పత్రం)లో నంబరు మూడూ కలవాలి.

కాగితాలు: అమ్మేవాళ్లని హిస్టోవెక్ రిపోర్టు పంపమనండి. ప్రభుత్వ సైటే, ఉచితం, యజమాని రెండు నిమిషాల్లో తీసివ్వగలడు. ఓనర్లు ఎంతమంది మారారో, పాత కంట్రోల్ టెక్నీక్‌లలో (బండి ఫిట్‌నెస్ పరీక్షల్లో) కిలోమీటర్లు ఎంత రాశారో కనిపిస్తుంది. అమ్మకం నాటికి ఆరు నెలల లోపు కంట్రోల్ టెక్నీక్ ఉండాలి. కొన్నాక కలెక్షన్ కార్త్ గ్రీజ్‌కి, అంటే పాత బండ్ల ప్రత్యేక రిజిస్ట్రేషన్‌కి వెళ్లొచ్చు, 30 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికి ఇస్తారు. ఎఫ్‌ఎఫ్‌వీఈ అనే పాత బండ్ల ఫెడరేషన్ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. అప్పుడు కంట్రోల్ టెక్నీక్ రెండేళ్లకి బదులు ఐదేళ్లకోసారి. ఇన్సూరెన్స్ కూడా కలెక్షన్ పాలసీ తీసుకోండి, రోజూ తిరగడానికి వేరే కారుండాలంటారు, అది మీకు ఎలాగూ ఉంది. నిపుణుడితో విలువ కట్టించి పాలసీలో రాయించుకోండి. లేకపోతే రేపు ఎవడైనా గుద్దితే "పాత కారే కదా" అని చేతిలో చిల్లర పెడతారు.

నా ఓటు ఆల్బీ బండికి. రెండూ చూడకుండా మాత్రం నిర్ణయించకండి.

---

రెడింగ్_రాజు (ఇంగ్లండ్)

అక్కగారు చెప్పినవన్నీ ఒప్పుకుంటా, ఓటు తప్ప. 205 జీటీఐ అంటే 1.9 అన్నా! 130 హార్స్‌పవర్, బరువేమో దాదాపు 900 కిలోలు. వెనక కూడా డిస్క్ బ్రేకులు, 1.6కి డ్రమ్ములే. ఆ 15 అంగుళాల అల్లాయ్ చక్రాలు చూస్తే చాలు. ఐదో గేరులో ఉండగానే పుంజుకుంటుంది, ఊరికే గేర్లు మార్చక్కర్లేదు. మీరు చూసిన ఆ 1.9 వద్దనిపిస్తే ఇంకో 1.9 వెతకండి, అంతేగానీ 1.6తో సరిపెట్టుకుంటే ఏడాదికల్లా మళ్లీ ప్రకటనలు చూస్తూ కూర్చుంటారు.

ఒక హెచ్చరిక. మీరు ఇప్పటి కార్లకి అలవాటుపడ్డారు. ఈ బండికి ఎయిర్‌బ్యాగ్ లేదు, స్టెబిలిటీ కంట్రోల్ లేదు, ఆ ఏళ్ల వాటికి పవర్ స్టీరింగ్ కూడా లేదు. మలుపు మధ్యలో వేగం ఎక్కువైందని భయపడి యాక్సిలరేటర్ మీద కాలు ఒక్కసారిగా తీసేశారో, వెనక భాగం ముందుకొచ్చి పలకరిస్తుంది. వానలో అయితే మరీను. ఇక్కడ ఎన్నో జీటీఐలు వెనక్కి తిరిగి కంచెల్లో దూరింది ఇలాగే. టైర్లు పైకి కొత్తగా కనిపించినా పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి, తయారైన వారం, ఏడాది అక్కడుంటాయి. పదేళ్ల నాటి గట్టిపడ్డ టైర్లతో టెస్ట్ డ్రైవ్ వద్దు.

ఇక్కడ ఇంగ్లండ్‌లో 40 ఏళ్లు దాటిన బండికి రోడ్ ట్యాక్స్ ఉండదు, పెద్ద మార్పులు చేయకపోతే ఏటా ఎంఓటీ (ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు. 1984, 85 నాటి తొలి జీటీఐలు ఇప్పుడు ఆ గీత దాటేశాయి, గిరాకీకి అదొక కారణం అనుకుంటా.

ప్రకటనల్లో ర్యాలీ రేసుల చరిత్ర రాసి ధర పెంచేవాళ్లని పట్టించుకోకండి. 1985, 86లో ప్రపంచ ర్యాలీ గెలిచిన 205 టర్బో 16కి ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది, నాలుగు చక్రాలకీ పవర్. అనుమతి కోసం రోడ్డు మీదికి 200 మాత్రమే చేశారు. మన జీటీఐకి దానితో చుట్టరికం మొహం పోలిక వరకే.

---

యానాంపిల్ల

రాజుగారూ, వాదనకి దిగను గానీ ఒకటి. 1.6 ఇంజన్ తిరగడానికి పుట్టింది, గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. మావైపు వోజ్ కొండల్లో మెలికల రోడ్ల మీద నాకు 1.9 ఎప్పుడూ అవసరమనిపించలేదు. నా స్నేహితురాలి 1.9 నడిపాను, బాగుంది, హైవే మీద ఇంకా బాగుంది. హైవే కోసం ఆయనకి హైబ్రిడ్ ఉంది కదా.

---

అమీర్‌పేట్_అంబాసిడర్ (హైదరాబాద్)

ఇండియాకి తెచ్చే ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. ఆశ పెట్టుకోకండి. మామూలు పాత కార్ల దిగుమతికి మన దగ్గర మూడేళ్ల లోపు, కుడివైపు స్టీరింగ్ లాంటి షరతులున్నాయి. ఇక వింటేజ్ దారి ఉందనుకుంటే, 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లో వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటినదే. మీ 1986 బండికి 2036 దాకా ఆ మాటే లేదు. అప్పుడైనా వీఏ సిరీస్ నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయల ఫీజు, పైగా రోజువారీ తిరగడానికి కుదరదు. ప్రదర్శనలకీ ర్యాలీలకీ తీసుకెళ్లాలి, అంతే. కస్టమ్స్ డ్యూటీ లెక్క విడిగా వేసుకోండి. అది వేసేటప్పుడు కూర్చుని వేయండి.

205 మన దగ్గరికి రాలేదు గానీ దాని అన్న వచ్చాడు, అది చాలామందికి గుర్తులేదు. 1990ల మధ్యలో ప్రీమియర్ వాళ్లు ప్యూజోతో కలిసి కళ్యాణ్‌లో 309 చేశారు. 309 అంటే 205 అడుగుభాగాన్ని పొడిగించి చేసిన బండే, మొదట టాల్బాట్ పేరుతో అమ్ముదామనుకుని చివర్లో ప్యూజో పేరు పెట్టారు. విజయవాడలో మా పెద్దబావగారికి డీజిల్‌ది ఉండేది. గుంటల్లో దాని నడక గురించి, లీటరుకి ఇచ్చిన మైలేజ్ గురించి ఆయన ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్తుంటారు, ఎవరూ అడక్కపోయినా. పండక్కి మీరు ఇటొచ్చినప్పుడు 309 దొరికితే ఒకసారి నడిపి చూడండి, ఆ సీట్లు, ఆ సస్పెన్షన్ అదే కుటుంబానివి. దొరకడమే కష్టం.

---

కొవ్వూరు_కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. రెండు బండ్లూ చూసొచ్చాను.

ఎర్ర 1.9 నిజంగానే అందగత్తె. మీటర్ పెడితే టాప్ మీద మామూలుగా ఉంది, వెనక కుడి చక్రం పైన మాత్రం అంకె ఎక్కడికో వెళ్లిపోయింది. కుడి తలుపు అద్దం మీద గుర్తు మిగతావాటితో కలవలేదు. రివర్స్ ఐదో గేరు కింద ఉంది. అడిగితే "ఇవన్నీ ఇలాగే వచ్చాయండీ" అన్నాడు. హిస్టోవెక్ అడిగితే సైటు పనిచేయడం లేదట. నేను కారు దిగకుండానే నా ఫోన్‌లో ఆ సైటు తెరిచి చూశాను, శుభ్రంగా పనిచేస్తోంది. ఇంకేం మాట్లాడలేదు, టీ ఇస్తానన్నా వద్దని వచ్చేశాను.

ఆల్బీది చూపించింది కొన్నాయన కూతురు. తండ్రి పోయాక షెడ్డులోనే ఉంచేశారట, నెలకోసారి ఊరి చివరిదాకా నడిపేవారట. ఒక అట్ట ఫైలు నిండా బిల్లులు, కొన్నప్పటి ఇన్‌వాయిస్ ఫ్రాంకుల్లో ఉంది. అద్దాలన్నీ ఒకే కాలానివి. రివర్స్ ఎడమ చివర, రింగు ఎత్తి వేసేదే. బ్యాటరీ కింద తుప్పుంది కానీ చిల్లు పడలేదు. కార్పెట్ కింద పొడిగా ఉంది. వెనక చక్రాలు మీరు చెప్పినట్టే లోపలికి వాలాయి, చప్పుడు కూడా ఉంది. టైర్లు 2011వి, అందుకని ఆ వీధి చివరిదాకా మాత్రం నడిపాను. టైమింగ్ బెల్ట్ బిల్లు దొరికింది, 2014ది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేశారు, ఒక్కసారికే పట్టుకుంది. మొదట కాస్త పొగ, తర్వాత లేదు. యాక్సిల్, టైర్లు, బెల్ట్ లెక్కగట్టి 10,000 అన్నాను. ఆవిడ తమ్ముడిని అడిగి చెప్తానన్నారు. మా ఆవిడ పక్కనే ఉంది, ఆ ఫైలు తిరగేసి "ఇదే తీసుకో" అంది.

రెండు సందేహాలు. బానెట్, టాప్ మళ్లీ పెయింట్ చేయించాలా, అలాగే ఉంచాలా? చిరిగిన సీటు సంగతేంటి?

---

యానాంపిల్ల

10,000కి ఇస్తే వెంటనే తీసుకోండి. 10,800 అన్నా తీసుకోండి. అంతకు మించితే యాక్సిల్ మాట మళ్లీ ఎత్తండి.

పెయింట్: మెటాలిక్ రంగు మీద పైపూత పోయి ఉంటుంది, పాలిష్ పెడితే రాదు. ఆ రెండు భాగాలు మాత్రమే మంచి షాపులో చేయించండి, అసలు రంగు కోడ్ ప్రకారం. తలుపులు, పక్కలు ముట్టుకోనివ్వకండి. "ఎలాగూ చేస్తున్నాం, బండంతా కొట్టేద్దాం, తక్కువకే చేస్తా" అని షాపువాళ్లు తప్పకుండా అంటారు. మా నాన్న బతికుండగా పాత బండి దగ్గరికి వెళ్తే ముందు తలుపు తెరిచి, అంచు లోపలి పెయింట్ చూసేవారు. అక్కడ ఫ్యాక్టరీ రంగు ఉంటేనే బండి చుట్టూ తిరిగేవారు. మీ బండికి అది ఉంది, పోగొట్టుకోకండి.

ఇంటికి ఆ పాత టైర్ల మీద నడుపుకుంటూ రాకండి, ట్రక్కు మీద ఎక్కించి తెప్పించండి. ముందు బెల్ట్, వాటర్ పంప్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, పెట్రోల్ రబ్బరు గొట్టాలు మార్పించండి. ఏళ్లుగా నిలబడ్డ బండికి గొట్టాలు పగిలి ఉంటాయి, ఇంజన్ మీద పెట్రోల్ కారడం సరదా కాదు. 98 ఆక్టేన్ పెట్రోల్ పోయండి, ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) వద్దు. ఇంకోటి, గేర్ లింకేజీ ప్లాస్టిక్ గిన్నెలు అరిగి ఎక్కడో నడిరోడ్డు మీద ఊడిపోతాయి. చవకే, ఒక సెట్ కొని గ్లవ్ బాక్స్‌లో పడేసుకోండి.

సీటు విప్పి కొత్త బట్ట వేయించవద్దు. చిరుగు పెరగకుండా లోపలినుంచి గుడ్డ అతికించి ఆపండి. నవంబర్‌లో లియోన్‌లో ఎపోకోటో ప్రదర్శన జరుగుతుంది, పాత స్పేర్ల స్టాళ్లు బోలెడుంటాయి. నేను ఏటా వెళ్తాను. వచ్చేటప్పుడు సీటు కిందినుంచి చిన్న బట్ట ముక్క కత్తిరించి తెచ్చుకోండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే రంగు తేడా తెలియదు.